ఆవగింజంత కడుపు ముక్క, ఏడాదిన్నర కాపలా

హైదరాబాద్‌లో మీ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, మా అమ్మ మొదట్లో "ల్యాబ్‌లో కడుపులు పెంచుతోంది" అని చెప్పేది. పక్కింటి పిన్ని అది ఇంకో రకం కడుపనుకుని, పెళ్ళికి మమ్మల్ని పిలవనే లేదేంటి వదినా అని నిష్ఠూరమాడింది. అప్పటినుంచి అమ్మ మాట మార్చింది. "ఏదో గ్యాస్ ట్రబుల్ మీద రీసెర్చ్" అంటోంది. అదీ తప్పు కాదు.

మనిషి కడుపు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలను జెల్‌లో పెంచితే లోపల బోలుగా ఉండే బుడగలు తయారవుతాయి. గ్యాస్ట్రిక్ ఆర్గనాయిడ్స్ అంటే అవే. వాటిలోకి కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను ఎక్కించి, పొర ఎలా స్పందిస్తుందో చూడటం నా పీహెచ్‌డీ పని. పరిశోధన పేపర్లలో మెథడ్స్ కింద రెండు పేరాల్లో అయిపోయే ఈ పని నాకు 2024 జనవరి నుంచి 2025 జూలై దాకా పట్టింది. ఇదే పని మొదలుపెడుతున్న ఇద్దరు జూనియర్లు ఈ మధ్య ఫోన్ చేసి "అక్కా, ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగారు. ఫోన్‌లో చెప్తే తెమిలేది కాదు. అందుకే రాస్తున్నాను.

మొదటి రోజు మా గైడ్ సార్ రెండు పేపర్లు చేతిలో పెట్టారు. ఒకటి 2014లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వాళ్ళది. వాళ్ళు ప్లూరిపొటెంట్ మూలకణాల నుంచి, అంటే ఒంట్లోని ఏ కణంగానైనా మారగలిగే వాటి నుంచి మొదలుపెట్టి, నెల రోజులు దాటాక కడుపు కణజాలం తయారుచేశారు. రెండోది 2015లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నుంచి సీనా బార్ట్‌ఫెల్డ్, హాన్స్ క్లెవర్స్ బృందం రాసింది. వాళ్ళు నేరుగా మనుషుల కడుపు ముక్కల నుంచే పెంచారు. "మనకి రెండోదే మేలు. ఎండోస్కోపీ గది నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది" అన్నారు సార్. ఆ నడిచి వెళ్ళే దూరం దాటడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఎథిక్స్ కమిటీకి ఫైలు పెట్టింది జనవరి 22న. మీటింగ్ మార్చిలో. ప్రశ్నలన్నీ సైన్సు మీదే ఉంటాయని రాత్రంతా చదువుకుని వెళ్ళాను. సైన్సు మీద అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. మిగతా ముప్పావుగంట తెలుగు కన్సెంట్ ఫారం మీదే నడిచింది. నేను అందులో "మీ కణాలతో ల్యాబ్‌లో చిన్న కడుపును తయారుచేస్తాం" అని రాశాను. కమిటీలో డాక్టర్లు కానివాళ్ళు కూడా ఉండాలి కదా, అలాంటి ఒక పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది చదివితే నాకు కొత్త కడుపు చేసి పెడతారేమో అనిపిస్తోందమ్మా. పేషెంటుకి అనిపించదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చివరికి "మీ కడుపు లోపలి పొరలోని కణాలను ల్యాబ్‌లో పెంచి, వ్యాధి ఎలా వస్తుందో గమనిస్తాం. దీనివల్ల మీ వైద్యంలో ఏ మార్పూ ఉండదు" అని మార్చాను. ఆ మార్పుతో తెలుగు ఫారం, ఉర్దూ ఫారం, హిందీ ఫారం, వాటిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చిన కాపీలు అన్నీ మళ్ళీ సమర్పించాలి. అనుమతి కాగితం మే 9న చేతికొచ్చింది. బయోసేఫ్టీ కమిటీది వేరే ఫైలు, దానికి ఇంకో ఐదు వారాలు. మీరు పెట్టేటప్పుడు రెండూ ఒకేసారి పెట్టండి. ఒకటయ్యాక ఇంకోటి అనుకుని నేను నెలన్నర పోగొట్టుకున్నాను.

ఇక సామాన్లు. ఈ పనిలో ప్రాణం లాంటిది మ్యాట్రిజెల్. ఎలుకల్లో పెరిగే ఒక రకం కణితి నుంచి తీస్తారు దాన్ని. నాలుగు డిగ్రీల దగ్గర నీళ్ళలా ఉంటుంది, పది దాటితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, ముప్పై ఏడు డిగ్రీలకి జున్నులా నిలబడుతుంది. పది మిల్లీలీటర్ల సీసా మాకు నలభై వేలు దాటింది. అప్పట్లో నా ఫెలోషిప్ నెలకి 37,000. ప్లేటులోని ఒక్కో గుంటలో యాభై మైక్రోలీటర్ల చుక్క పెడతాం కాబట్టి సీసాకి రెండొందల చుక్కలు, అంటే చుక్క రెండొందల రూపాయల పైమాటే. చెయ్యి వణికిన ప్రతిసారీ ఈ లెక్క గుర్తొచ్చేది.

ఇండెంట్ పెట్టింది జూలై రెండో వారంలో. 23న కేంద్ర బడ్జెట్. మర్నాడు వెండర్ ఫోన్ చేసి, "మేడమ్, ఆ కొటేషన్ ఇక చెల్లదు. ల్యాబ్ కెమికల్స్ మీద కస్టమ్స్ సుంకం పది నుంచి నూటయాభై శాతం చేశారు" అన్నాడు. తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. నూటయాభయ్యే. ఆ వారం మా బిల్డింగ్‌లో క్యాంటీన్ దగ్గర, లిఫ్ట్‌లో ఎక్కడ చూసినా ఇదే గోల. పరిశోధన కోసం తెప్పించుకునే వాటికి సుంకాన్ని మళ్ళీ పదికి దించారు కాబట్టి బతికాం. కానీ వెండర్ కొత్త కొటేషన్ ఇవ్వడం, పర్చేజ్ సెక్షన్ దానికి కొత్త ఫైలు తెరవడం, సంతకాలన్నీ మొదటినుంచి రావడం, ఇవన్నీ సుంకం దిగినంత వేగంగా జరగలేదు. సీసా ఆగస్టు చివర్లో వచ్చింది. తీరా చూస్తే పెట్టెలో డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయి ఉంది. శుక్రవారం సాయంత్రం ఎయిర్‌పోర్టులో దిగి, శని ఆదివారాలు అక్కడే కూర్చుందట. సీసాలో ఉన్నది అప్పటికే జెల్లీ. ఫోటోలు తీసి వెనక్కి పంపితే పది రోజుల తర్వాత ఇంకోటి ఇచ్చారు. ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో ఒక రూలు ఉంది. బుధవారం దాటాక బయల్దేరే పార్సిల్ ఏదీ వద్దని ఆర్డర్ మీదే రాస్తాం.

గ్రోత్ ఫ్యాక్టర్ల ఖర్చు ఇంకో కథ. వింట్, ఆర్-స్పాండిన్, నాగిన్ అనే మూడు ప్రొటీన్లు లేకపోతే కడుపు మూలకణాలు నిలవవు. వాటిని శుద్ధరూపంలో కొనుక్కుంటే మా ప్రాజెక్టు డబ్బు ఆరు నెలల్లో హరీ. ఆ మూడింటినీ తమంతట తామే తయారుచేసి మీడియాలోకి, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలోకి, వదిలే ఎల్-డబ్ల్యుఆర్ఎన్ అనే కణాలున్నాయి. వాటిని పెంచి, రోజూ పైన తేరిన మీడియా తీసి, వడగట్టి, డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవడమే. ఇంట్లో పాలు తోడేసుకున్నట్టు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ బలం తేడా ఉంటుంది. కొన్ని కమ్మగా తోడుకుంటాయి, కొన్ని నీళ్ళ మజ్జిగ. ప్రతి బ్యాచ్‌నీ ముందు పరీక్షించి చూసుకోండి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

2024 సెప్టెంబర్ 11, బుధవారం. మొదటి బయాప్సీ.

ఎండోస్కోపీ హాలు ఉదయం ఎనిమిదింటికి ఎలా ఉంటుందో చెప్పాలి. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనుషులు ముప్పైమంది. వాళ్ళ పక్కన, వాళ్ళ ముందు టీ తాగలేక బయటికీ లోపలికీ తిరిగే అటెండెంట్లు. అలాంటి చోటికి తెల్లకోటు వేసుకుని, ఆరు పేజీల ఫారం పట్టుకుని వెళ్ళి "మీతో ఒక్క పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అనాలి. ఐదుగురిని అడిగితే ఇద్దరు ఒప్పుకునేవారు. ఒప్పుకోనివాళ్ళ మీద నాకేమీ కోపం లేదు, ఆ ఆకలిలో నేనైతే నాలాంటిదాన్ని తరిమేసేదాన్ని. ఒకాయన "మా ముక్క అమ్ముకుంటారా?" అని సూటిగా అడిగారు. అమ్మం అని ఫారంలో ఎక్కడుందో చూపించాను. చదివారు, తల ఊపారు, అయినా వద్దన్నారు.

ముక్క తియ్యడం మాత్రం క్షణాల పని. గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, గొట్టం దిగుతుంది, సన్నటి చిమటా నోరు తెరిచి మూస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు, ఆవగింజకి కాస్త అటూ ఇటూ. రోగి వైద్యానికి కావలసినవి తీశాక నాకు నాలుగు ముక్కలు. ఐస్‌లో పెట్టిన ట్యూబులో ఆ గులాబీరంగు చుక్కలు అడుగుకి జారుతుంటే, ఇన్ని నెలల కాగితాలు దీనికోసమా అనిపించింది. ట్యూబును గుండెలకి అదుముకుని నడిచాను. అలా అదిమితే ఒంటి వేడి తగులుతుందని సగం దారిలో గుర్తొచ్చి చెయ్యి చాచి పట్టుకున్నాను. మధ్యలో ఐదో రోజు వినాయకుణ్ణి తీసుకెళ్ళే ట్రాలీ రోడ్డుకి అడ్డంగా నిలబడింది. తీన్‌మార్ డప్పుల మధ్య ఐస్ డబ్బా పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

ఆ శాంపిల్ మర్నాటికే పోయింది. పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే మీడియా మజ్జిగలా తెల్లగా ఉంది. మైక్రోస్కోప్ కింద చూస్తే ఈస్టు, గుత్తులు గుత్తులుగా. గొట్టం నోట్లోంచే కదా వెళ్ళేది, దారిలో ఉన్నదంతా ముక్కతోపాటు వచ్చేస్తుంది. రెండో శాంపిల్ సెప్టెంబర్ చివర్లో. ఈసారి ఈస్టు లేదు, కానీ ముక్క నుంచి గ్రంథులు విడిపోవడానికి వేసే ఈడీటీఏలో మరీ ఎక్కువసేపు ఉంచేశాను. గ్రంథులు ముక్కలై విడికణాలైపోయాయి. విడికణం ఒంటరిగా బతకదు, నాలుగు రోజుల్లో నల్లటి నూక మిగిలింది. మూడోది దసరా అయ్యాక. అన్నీ సరిగ్గా చేశాను. మైక్రోస్కోప్ కింద గ్రంథులు వేళ్ళ తొడుగుల్లా ముచ్చటగా కనిపించాయి. వాటిని మ్యాట్రిజెల్‌లో కలిపి, చుక్క పెట్టబోయే ముందు ఫోన్ మోగితే ఒక్క క్షణం తల తిప్పాను. పిపెట్ టిప్పులోనే జెల్ గట్టిపడింది. ఆ టిప్పు ఫ్రిజ్‌లో పెట్టింది కాదు, బయటి డబ్బాలోది. ఆ రాత్రి హాస్టల్‌లో ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. ముక్క ఇచ్చినావిడ కన్సెంట్ సంతకం పెడుతూ "మంచిగా చదువుకో" అని తల నిమిరింది. అది పదే పదే గుర్తొచ్చింది.

నవంబర్ మొత్తం కొత్త శాంపిల్ ముట్టుకోలేదు. జర్మనీలో పోస్ట్‌డాక్ చేస్తున్న మా సీనియర్ అక్కకి రోజూ రాత్రి వీడియో కాల్. ఫోన్‌ను హుడ్ (వడగట్టిన గాలిలో పనిచేసే అద్దాల పెట్టె) అద్దానికి ఆనించి నా చేతులు చూపించేదాన్ని. మూడు విషయాలు చెప్పింది. ట్యూబులో ఫంగస్ మందు ఎండోస్కోపీ గదిలోనే ఉండాలి, ల్యాబ్‌కొచ్చాక కాదు. టిప్పులు, ట్యూబులు, చివరికి పిపెట్ పెట్టే స్టాండ్ కూడా ముందురోజు రాత్రే చల్లబడాలి. మొదటి రెండు రోజులు కణాలు చావకుండా కాపాడే రాక్ ఇన్హిబిటర్ అనే మందు వెయ్యకుండా ఏ మీడియా పొయ్యకు. ఇంకోటి నేను అడగకుండానే చెప్పింది: "నువ్వు రోజుకి ఆరుసార్లు ఇంక్యుబేటర్ తెరుస్తున్నావే. అన్నం ఉడికిందా అని మూత తీసి తీసి చూస్తే ఉడుకుతుందా?"

డిసెంబర్ 12న ఒకే పూట ముగ్గురు ఒప్పుకున్నారు. అందులో ఒక తాతతో జరిగిన మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఊరు, పేరు రాయకూడదు, రాయను. ఫారం మొత్తం ఓపిగ్గా విని అడిగాడు:

"కడుపుల మంట పదేండ్ల సంది ఉన్నది బిడ్డా. గోళీలు మింగి మింగి యాష్టకొచ్చింది. గా ముక్క తీస్కపోయి ఏం జేస్తవ్?"

"పెంచుతాను తాతా."

"పెంచుతవా! దానికేం బెడ్తవ్ తిననీకి?"

ఏడాదిలో నన్నెవరూ, ఎథిక్స్ కమిటీతో సహా, ఇంత సరైన ప్రశ్న అడగలేదు. చక్కెర, లవణాలు, పెరగడానికి కొన్ని ప్రొటీన్లు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "కారం మాత్రం పెట్టకు. దానికి వడదు" అని సంతకం పెట్టాడు.

మూడు ట్యూబులకీ స్టడీ నర్సు కోడ్ నెంబర్లు అంటించి ఇచ్చింది: జి-09, జి-10, జి-11. ఏ కోడ్ ఎవరిదో ఉన్న రిజిస్టర్ ఆమె దగ్గరే తాళం కింద ఉంటుంది, నేను చూడకూడదు. జి-09లో ఐదో రోజున ఫంగస్ వచ్చింది. జి-11 ఎందుకో మొలకెత్తనే లేదు. జి-10 మాత్రం రెండో రోజుకి గ్రంథుల చివర్లు మూసుకుని గుండ్రబడ్డాయి. నాలుగో రోజుకి సబ్బు బుడగల్లా, అంచు సన్నగా మెరుస్తూ, లోపల ఖాళీగా కనిపించాయి. పదో రోజుకి కళ్ళకే తెలిసేంత అయ్యాయి, ప్లేటును వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చుక్కలో సగ్గుబియ్యం పరమాన్నంలా. సార్‌ని పిలిచాను. ఆయన చాలాసేపు మైక్రోస్కోప్‌లోంచి తల ఎత్తలేదు. తర్వాత "ఫ్రీజ్ చెయ్యడానికి ఎన్ని వయల్స్ వస్తాయి?" అన్నారు. ఆయన ఆనందపడితే అలాగే ఉంటుంది.

పెరగడం మొదలయ్యాక అసలు చాకిరీ. రెండు మూడు రోజులకోసారి మీడియా మార్చాలి. రెండు వారాలకోసారి జెల్ కరిగించి, బుడగలను సన్నటి గాజు పిపెట్‌లో పైకీ కిందికీ లాగి పగలగొట్టి, ఒకటిని నాలుగుగా పంచి మళ్ళీ కొత్త జెల్‌లో పెట్టాలి. గేదెలున్న ఇంటివాళ్ళకి ఊరెళ్ళడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఆదివారం, పండగ, జ్వరం అనేవి ఆర్గనాయిడ్‌కి తెలియవు.

సంక్రాంతికి మాత్రం ఇంటికి వెళ్ళాను. జనవరి 13, భోగి. మంట చల్లారాక పిడకల బూడిద ఎత్తుతుంటే ల్యాబ్ సెక్యూరిటీ ఫోన్: "మేడమ్, మీ రూమ్‌లో ఏదో కుయ్‌కుయ్‌మంటోంది." కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయిపోయింది. మార్చాల్సిన అబ్బాయి కూడా ఊళ్ళోనే ఉన్నాడు. క్యాంపస్‌లో మిగిలిన ఒకే ఒక్క అస్సాం అమ్మాయిని బతిమాలి, వీడియో కాల్‌లో స్పానర్ ఎటు తిప్పాలో చెప్పాను. గ్యాస్ లేక ఎరుపు నారింజ రంగులో ఉండాల్సిన మీడియా మొత్తం ముదురు గులాబీకి తిరిగిపోయింది. ఎన్ని గంటలు అలా ఉందో తెలియదు. మర్నాడు రాత్రి బస్సు పట్టుకుని కనుమ పొద్దున్నే ల్యాబ్‌లో ఉన్నాను. మూడో వంతు బుడగలు నల్లబడ్డాయి. మిగతావి ఉన్నాయి. ఆ రోజే కూర్చుని ఎనిమిది వయల్స్ ఫ్రీజ్ చేశాను. ముందు మైనస్ ఎనభై, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీలకి. డిసెంబర్‌లో సార్ అడిగిన ప్రశ్నకి జవాబు అప్పుడిచ్చాను.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ హెలికోబాక్టర్‌ను పెంచడానికి తంటాలు పడుతున్నప్పుడు, మామూలుగా రెండు రోజులకే పారేసే ప్లేట్లు ఈస్టర్ సెలవుల వల్ల ఐదారు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. అప్పుడు కనిపించాయి కాలనీలు. దాని వెనకాలే 2005లో నోబెల్. వాళ్ళకి పండగ కలిసొచ్చింది. నాకు ఎదురొచ్చింది.

ఫిబ్రవరి మొత్తం ఆ బ్యాక్టీరియాను మచ్చిక చేసుకోవడానికే సరిపోయింది. దానికి ఆక్సిజన్ ఎక్కువైనా పడదు, లేకపోయినా పడదు. ఐదు శాతం కావాలి. గొర్రె రక్తం కలిపిన అగార్ జెల్లీ మీద, గ్యాస్ పొట్లం వేసి మూసిన జార్‌లో మూడు నుంచి ఐదు రోజులకి మంచు బిందువుల్లాంటి కాలనీలు వస్తాయి. ఆ రెండు మూడు రోజుల్లో వాడుకుంటే మెలి తిరిగి చురుగ్గా ఈదుతుంటుంది, ఆలస్యం చేస్తే గుండ్రంగా ముడుచుకుని ఎందుకూ పనికిరాదు. యూరియేజ్ పరీక్షలో పసుపు ద్రవం చూస్తుండగానే గులాబీ అవుతుంటే ముచ్చటేసేది. మాకు దొరికింది 26695 అనే స్ట్రెయిన్, అంటే ఆ బ్యాక్టీరియాలో ఒక రకం. హెలికోబాక్టర్‌లో మొదట జీనోమ్ చదివింది దీన్నే, 1997లో.

ఎక్కించడం ఎలాగన్నది తర్వాతి చిక్కు. మన కడుపులో ఆహారం తగిలే వైపు ఏదో, బుడగలో అది లోపలి వైపు. బయట మీడియాలో బ్యాక్టీరియా కలిపితే పొరని వీపు వైపు నుంచి తాకినట్టే. అందుకని సన్నటి గాజు సూదితో బుడగ గోడ పొడిచి లోపలికి వదలాలి. సూదులు సాగదీసే మిషన్ మా దగ్గర లేదు. పై అంతస్తులో మెదడు కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటే, వాళ్ళ ఖాళీ చూసుకుని సాయంత్రం ఆరు తర్వాత వెళ్ళేదాన్ని. మొదటి రోజు పదిహేను సూదులు విరిచాను. కొంచెం ఎక్కువ వదిలితే బుడగ టప్పున ముడుచుకుపోతుంది. లోపలికి వెళ్ళిందో లేదో తెలియడానికి పచ్చరంగు కలిపేవాళ్ళం. బుడగ మధ్యలో ఆకుపచ్చ పొగలా విచ్చుకుంటే వెళ్ళినట్టు. గంటకి ఇరవై చెయ్యగలిగితే గొప్ప. మెడ పట్టేసి జండూబామ్ రాసుకుని, ఆ వాసనతో హుడ్ దగ్గరికి రావద్దని సార్‌తో తిట్లు తిన్నాను.

మార్చి 10 నుంచి మూడు వారాలు ఇలా ఎక్కించాను. ఫలితం సున్నా. మంట మొదలైందనడానికి గుర్తుగా ఐఎల్-8 అనే జీన్ పెరగాలి. పెరగలేదు. ఎక్కించినవీ ఎక్కించనివీ గ్రాఫ్‌లో అక్కాచెల్లెళ్ళలా పక్కపక్కనే. సరే, లోపలి బ్యాక్టీరియా ఏమైందో చూద్దామని బుడగలు పగలగొట్టి ప్లేటు మీద పరిస్తే ఒక్క కాలనీ కూడా రాలేదు. ల్యాబ్ మీటింగ్‌లో ఇది చూపిస్తుంటే మా జూనియర్ అబ్బాయి, చేరి రెండు నెలలు కాలేదు, మెల్లగా అడిగాడు: "అక్కా, మీ మీడియాలో పెన్‌స్ట్రెప్ ఉంది కదా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. కంటామినేషన్ భయంతో మొదటి రోజు నుంచీ వేస్తున్నవి. వేస్తున్నానన్న సంగతే మరిచిపోయేంతగా అలవాటైనవి. మూడు వారాలుగా బ్యాక్టీరియాను సూదితో ఎక్కించి, దాని చుట్టూ దాన్ని చంపే మందు పోసి, ఎందుకు పనిచెయ్యట్లేదని ఏడుస్తున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సార్ మాత్రం పెద్దగా నవ్వేశారు, నేను చూసిన రెండోసారి అది. ఆ మూడు వారాల్లో ఎన్ని చుక్కలు వాడానో లెక్క వేసుకోవద్దనుకున్నాను. వేసుకున్నాను, తొమ్మిది వేల రూపాయల పైచిలుకు.

ఏప్రిల్‌లో యాంటీబయాటిక్ లేని మీడియాకి మారాను. మందు వదిలించుకోవడానికి కనీసం మూడుసార్లు మీడియా మార్చాం. రక్షణ లేకపోయేసరికి ఒక ప్లేటు మొత్తం ఫంగస్‌పాలైంది, మే ఎండల్లో ఏసీ చెడిపోయి ఇంకో వారం పోయింది. జూన్ 18న వచ్చింది మొదటి సరైన ఫలితం. కొన్ని బుడగలకి వింట్ తీసేస్తే అవి కడుపు పైపొరలో జిగురు ఊరే కణాలుగా మారతాయి. వింట్ ఉంచితే లోపలి గ్రంథుల్లాగే ఉంటాయి. రెండు రకాల్లోకీ ఎక్కించాను. గ్రంథి రకంలో ఐఎల్-8 గ్రాఫ్ మీద నిటారుగా లేచింది. జిగురు రకంలో చలనం లేదు. ఇది కొత్త విషయమేమీ కాదు, బార్ట్‌ఫెల్డ్ వాళ్ళు 2015లోనే చూపించారు. కానీ ఎవరో చూసింది నా ప్లేటులో నా కళ్ళతో చూడటం వేరు. పైపొర బ్యాక్టీరియాతో సర్దుకుపోతుంది, లోతుకి దిగితేనే రచ్చ. కోట్ల మంది కడుపులో ఇది ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉండటానికి ఇది కూడా ఒక కారణం కావొచ్చు అనిపించింది. మా అసలు ప్రశ్న, అదే బ్యాక్టీరియాకి ఒకరి కడుపు ఒకలా ఇంకొకరిది ఇంకోలా స్పందిస్తుందా అన్నది, అలాగే ఉంది. జూన్ ఫలితం ఒకే ఒక్క మనిషి కణాలది, దాంతో ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేను. ఇప్పటికి పద్నాలుగు శాంపిల్స్ తీస్తే నిలబడినవి నాలుగు.

జూలై నెలాఖర్లో కొత్త శాంపిల్ కోసం ఎండోస్కోపీ హాలుకి వెళ్ళినప్పుడు బెంచీ చివర ఆ తాత కనిపించాడు. మళ్ళీ పరీక్షకి రమ్మన్నారట. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

"ఏమాయె బిడ్డా, నా ముక్క బతికిందా?"

ఆ రోజు ముగ్గురిచ్చారని, ఒకటే బతికిందని, అది ఎవరిదో నాకు చెప్పరని చెప్పాను. ఇంతోటి దానికి దాచుడెందుకు అన్నట్టు చూశాడు.

"నాదే అయ్యుంటది. నా కడుపు మొండిది" అన్నాడు. తర్వాత కొంచెం ముందుకి వంగి, "కారం పెట్టలే గదా?"

"పెట్టలేదు తాతా" అన్నాను. సూదితో ఏం ఎక్కించానో ఫారంలో ఉంది కానీ, ఆ పూట మళ్ళీ చదివి వినిపించలేదు.